తక్కువ తన్నే తూటా

మా తెలుగు చర్చిలో గ్రేస్ అనే అమ్మాయి ఉంది. మేం వలసొచ్చిన ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల. నాలాగే తూటాలు పరీక్షించే ఉద్యోగం వచ్చిందని మొన్న ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి చెప్పింది. చెబుతూనే కుడి భుజం పట్టుకుంది.

"ఆంటీ, ఆఫీస్ వాళ్ళు క్లే షూటింగ్‌కి తీసుకెళ్ళారు. షోల్డర్ ఫుల్ పెయిన్ ఉంది. నేను ఏ షెల్స్ కొనాలి? అందరూ అలవాటైపోతుంది అంటున్నారు."

"అలవాటైపోతుంది అన్నవాళ్ళ మాట వినకు. అలవాటయ్యేది దెబ్బ కాదు, భయం" అన్నాను.

ఆమెకు కావలసిన జవాబు అక్కడే కాఫీ తాగుతూ చెప్పేశాను. చెప్పకుండా మిగిలిపోయింది చాలా ఉంది. ఈ పనిలోకి వచ్చే మరో పిల్లకో పిల్లవాడికో ఉపయోగపడుతుందని అది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకే గుర్తులేవు.

పెట్టె మీద ఉండని సంగతి

క్లే షూటింగ్ అంటే గాల్లోకి విసిరే మట్టి పళ్ళేలను తుపాకీతో పగలగొట్టే ఆట. తుపాకీ పేలితే గుళికలు ముందుకు పోతాయి, తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని తన్నుతుంది. తూటాలో గుళికల సీసం తక్కువైతే ఆ తన్ను తగ్గుతుంది. గుళికల వేగం తక్కువైతే తగ్గుతుంది. తుపాకీ బరువు ఎక్కువైనా తగ్గుతుంది. మిగతా మాటలన్నీ అమ్ముకునేవాళ్ళవి.

చాలామంది మగవాళ్ళు భార్యకు నేర్పిద్దామని ముచ్చటపడి చిన్నదీ తేలికదీ చూసి తుపాకీ కొనిస్తారు. తేలిక తుపాకీ గట్టిగా తన్నుతుంది. ఆమె రెండు వారాలకే మానేస్తుంది. "మా ఆవిడకు ఈ ఆట పడదండీ" అని ఆయన అందరికీ చెబుతాడు. ఇలాంటి ఆడవాళ్ళను నేను ఎంతమందిని చూశానో చెప్పలేను. వాళ్ళకు కావలసింది కాస్త బరువున్న, పన్నెండు గేజ్ గొట్టమున్న తుపాకీ, అందులోకి ఔన్సో, ఇంకొంచెం తక్కువో సీసం పోసిన నెమ్మది తూటా. పళ్ళెం ఎగిరే చోటికి దగ్గరి గీత మీద నిలబడి కాల్చేవాళ్ళకు మట్టి పళ్ళెం పగలడానికి అది చాలు. బాగా వెనక గీత నుంచి కాల్చేవాళ్ళకు ఇంకాస్త బలం కావాలి, అది నిజమే. కానీ అంత వెనక నిలబడేవాళ్ళు షూటింగ్ క్లబ్బులో ఎందరుంటారు?

ఇంకో మాట. ఒక మధ్యాహ్నం ఆటలో వంద తూటాలు కాలుస్తారు. మొదటిది ఎలా ఉందని కాదు, చివరిది ఎలా ఉందని చూసుకోవాలి. పెట్టె మీద తుపాకిమందు కొలతా సీసం బరువూ రాస్తారు. మందు కొలత పాతకాలపు నల్ల తుపాకిమందు లెక్కలో ఉంటుంది కాబట్టి అది పెద్దగా ఏమీ చెప్పదు. అయినా జనం పెద్ద అంకె చూసి మంచిదనుకుంటారు. భుజానికి ఎలా ఉంటుందో ఏ పెట్టె మీదా రాయరు. అది తెలుసుకోవడమే నా ఉద్యోగం.

హెరాల్డ్

డెబ్భైల చివర మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టాం. మావారు ప్రభాకర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను నరసాపురం పిల్లను, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. పేపర్లో ప్రకటన చూసి వెళ్ళిన చోటు ఒక చిన్న తూటాల కంపెనీ. చర్చిలో పాస్టరమ్మగారు ఎక్కడ పని చేస్తున్నావమ్మా అని అడిగితే చాలాకాలం "టెస్టింగ్ ల్యాబ్‌లోనండి" అని ఊరుకునేదాన్ని. ఆవిడ రక్తపరీక్షలు అనుకుని నా కోసం ప్రార్థన చేసేది.

హెరాల్డ్ మా యజమాని. తండ్రి పెట్టిన కంపెనీ అది. కొత్త తూటా తయారైతే కాల్చేవాడి వెనకాల కళ్ళు మూసుకుని నిలబడి చప్పుడు వినేవాడు. గట్టిగా పేలితే తల ఊపేవాడు. నా పరికరాల్లో వచ్చే వేగమూ ఒత్తిడీ ఆ తర్వాత చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

కానీ ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఒకసారి ప్యాకింగ్ గదిలో పొరపాటున ఒక రకం తూటాలు ఇంకో రకం పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ప్రమాదమేమీ లేదు, తేడా చాలా తక్కువ. నేను ఆ మాటే అన్నాను. హెరాల్డ్ తన ట్రక్కు తీసుకుని షాపు షాపుకీ తిరిగి ఆ పెట్టెలన్నీ వెనక్కి తెచ్చాడు.

"చూడు రత్నా, కొనేవాడు తూటా లోపలికి చూడలేడు. మన మాట నమ్మి చెంప పక్కన పేల్చుకుంటున్నాడు. పెట్టె మీద ఉన్నది లోపల లేకపోతే ఇక మనం అమ్మేదేముంది?" అన్నాడు.

ఆ మాట నాలో దిగిపోయింది. దాని వల్ల మంచీ జరిగింది, నేను ఇప్పటికీ బాధపడేదీ జరిగింది.

వాల్ట్ భుజం

మా తూటాలు కాల్చి చూసే మనిషి వాల్ట్. కార్ల ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చేవాడు. పొడుగ్గా సన్నగా, భుజం మీద కండ లేకుండా ఉండేవాడు. క్లబ్బులో అంత బాగా కాల్చేవాళ్ళు ఇంకొకరు లేరు. పేరు పెట్టి పిలవమన్నాడు, పిలిచేదాన్ని. మనసులో మాత్రం ఎప్పుడూ "మీరు" అనే అనుకునేదాన్ని.

కాల్చకుండా పరీక్ష ఎలా చేస్తావని నాకు తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. మొదటి రోజు భుజం కమిలిపోయింది. ప్రభాకర్ చూసి కంగారుపడ్డారు.

"ఆదివారం పొట్టి చేతుల జాకెట్టు వేసుకోకు తల్లీ. నేను కొట్టాననుకుంటారు" అన్నారు.

వాల్ట్ తక్కువ మాటల మనిషి. ఆయన భార్య లొరెయిన్ స్కూలు బస్సు నడిపేది, ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. ప్రతి గురువారం సాయంత్రం క్లబ్బులో జంటల పోటీ ఉండేది. వాళ్ళిద్దరూ ఒక జట్టు. "మిగతా వారమంతా మేం ఒక ఇంట్లో ఇద్దరు అద్దెవాళ్ళలాగా ఉంటాం. గురువారం కార్లో ఎక్కామంటే ఈయన నోరు విప్పుతాడు, ఇంటికొచ్చేదాకా ఆపడు" అని లొరెయిన్ నాతో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కానీ నవ్వులాటకు చెప్పలేదు.

కొన్నాళ్ళకు వాల్ట్ గురి తప్పడం మొదలైంది. కళ్ళనుకుని అద్దాలు మార్పించాడు. అది కళ్ళు కాదు, ఉలికిపాటు. తుపాకీ తన్నబోతోందని ఒంటికి ముందే తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి రెప్ప పడుతుంది, భుజం ముందుకు తోస్తుంది, తుపాకీ గొట్టం కిందికి దిగుతుంది. కాల్చేవాడికి ఇది తెలియదు. పేలుడులో కలిసిపోతుంది. బాగా ముదిరాక కొందరికి వేలు కదలనే కదలదు.

ఈ ఆటవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. పళ్ళెం పగలకపోతే తూటాలో బలం చాలలేదనుకుంటారు. ఇంకా గట్టి తూటా కొంటారు. అది ఇంకా తన్నుతుంది, ఇంకా ఉలిక్కిపడతారు, ఇంకా గురి తప్పుతుంది. మళ్ళీ షాపుకు పోయి అంతకంటే గట్టిది అడుగుతారు. చదువుకున్నవాళ్ళు, డాక్టర్లు, మా కార్ల ఇంజనీర్లు, అందరూ ఇదే చేశారు. నేను కెమిస్ట్రీ చెప్పాను, బొమ్మ గీసి చెప్పాను. "మంచి మాట చెప్పావు" అని గట్టి తూటాల పెట్టె చంకలో పెట్టుకుని పోయారు.

వాల్ట్ కూడా అలాగే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

గుర్తులు చెరిపి చేసిన పరీక్ష

ఒకరోజు అన్నం తింటూ ప్రభాకర్‌తో మొరపెట్టుకున్నాను.

"మా దగ్గర కారు సీటు బాగుందో లేదో అడిగేటప్పుడు ఏ కంపెనీ కారో కనబడకుండా కప్పేస్తామే. పేరు తెలిస్తే నడుము నొప్పి కూడా అబద్ధం చెబుతుంది. నీ తూటాలకీ ముసుగు వెయ్యి" అన్నారు.

చాలా బాగుందనిపించింది. ఎరుపు రంగు తూటా గొట్టాల్లోనే నాలుగు రకాలు నింపించాను. రాతలేమీ లేవు. అడుగున చిన్న రంగు చుక్క, అంతే. హెరాల్డ్‌ను ఒప్పించి క్లబ్బులో పాతవాళ్ళను పిలిచాం. వాల్ట్, లొరెయిన్ ఇద్దరూ వచ్చారు. ఏది ఏమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

గురి కుదిరిన పళ్ళెం ఏ చుక్కకైనా ఒకేలా పగిలింది. ఏ చుక్క బాగుందని విడివిడిగా అడిగితే, వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా తేడా లేకుండా అందరూ తక్కువ తన్నే మెత్తటిదే చెప్పారు. వాల్ట్ ఆ రోజు చాలాకాలం తర్వాత ఆ చుక్కతో ఒక వరసలో ఒక్క పళ్ళెం కూడా వదలలేదు. నా దగ్గరికి వచ్చి, "ఇందులో ఏం పోశావో కానీ, మార్చకు" అన్నాడు. ఆయన అంతపాటి పొగడ్త నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇంటికి వెళుతూ కారులో పాటలు పాడుకున్నాను.

మర్నాడు వాళ్ళందరినీ కూర్చోబెట్టి అసలు సంగతి విప్పాను. మీకు నచ్చినది అన్నిటికంటే బలం తక్కువదని చెప్పాను. అప్పుడు వెనక నుంచి ఎవరో, "అయితే ఇది మా ఆవిడకు పట్టుకెళతాను" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. వాల్ట్ కూడా నవ్వాడు. వెళ్ళేటప్పుడు క్లబ్బులో తూటాలు అమ్మే కౌంటర్ దగ్గర ఆగి, అందరి ముందూ తన మామూలు గట్టి తూటాలే అడిగాడు.

నాకు ఏడుపొచ్చింది. అంత నిజం చేతిలో పెట్టాక కూడా పక్కవాడి నవ్వుకు భయపడి వదిలేస్తారని నాకు ఏ చదువూ చెప్పలేదు.

హెరాల్డ్ మాత్రం ధైర్యం చేసి ఆ తూటాను అమ్మకానికి పెట్టాడు. లేత పసుపు పెట్టె, దాని మీద "లైట్" అని రాత. షాపువాళ్ళు తీసుకెళ్ళి ఆడవాళ్ళ చేతి తొడుగుల పక్కన సర్దారు. ఎండకు పెట్టెలు తెల్లబడ్డాయి కానీ తూటాలు కదలలేదు. ఏడాది తిరక్కుండా ఆపేశాడు. తూటాను నేను సరిగ్గానే చేశాను. దానికి పెట్టిన పేరును మా గదిలో ఎవరమూ పరీక్షించలేదు. పరీక్షించవచ్చని కూడా తోచలేదు.

లొరెయిన్ అడిగింది

ఆపేశాక కూడా మా గోదాములో ఆ మెత్తటి తూటాలు మిగిలి ఉన్నాయి. ఒక శుక్రవారం బస్సు డ్యూటీ దిగి లొరెయిన్ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"నిన్న కార్లో ఒక్క మాట మాట్లాడలేదు రత్నా. పోయేటప్పుడూ లేదు, వచ్చేటప్పుడూ లేదు. సగం పైనే పళ్ళేలు వదిలేశాడు. ఈ నెలాఖరుకి మానేస్తానంటున్నాడు."

"మెత్తటివి వాడమని చెప్పండి. నేనే ఇస్తాను" అన్నాను.

"చెప్పానులే. నన్ను ముసలాడి కింద జమకట్టేశావా అంటాడు." ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అందుకే ఒకటి అడుగుదామని వచ్చాను. తూటా గొట్టాలు రెండిటికీ ఎరుపు రంగే కదా. ఆ మెత్తటివి తీసి గట్టి తూటాల పెట్టెల్లో పెట్టివ్వు. నేను ఇంటికి పట్టుకెళతాను. ఆయనకు తెలియనే తెలియదు. భుజం కుదుటపడుతుంది, గురి వస్తుంది. తర్వాత ఎప్పుడైనా చెబుదాం. చెప్పకపోయినా ఏం కాదు."

పని చాలా తేలిక. ప్రమాదం లేదు. బలం తక్కువదే కాబట్టి తుపాకీకి గానీ మనిషికి గానీ ఏమీ కాదు. ఆవిడ కళ్ళు చూస్తే కాదనబుద్ధి కాలేదు.

"నేను చెయ్యలేను లొరెయిన్" అన్నాను.

"ఎందుకు? హెరాల్డ్ తిడతాడనా?"

"తిడతాడు. దాని గురించి కాదు. పరీక్ష గదిలో ఉన్నదాన్నే నేను పెట్టె మార్చితే, ఇక ఏ పెట్టె నమ్మాలి? ఆయన నన్ను నమ్మి కాలుస్తున్నారు."

"ఆయన నిన్ను నమ్మడం లేదు కదా. నమ్మితే ఈ గొడవే లేదు" అంది. కోపంగా అనలేదు. కోటు బొత్తాలు సరిచేసుకుని, సోమవారం బస్సు పొద్దున్నే తియ్యాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ప్రభాకర్‌తో చెప్పాను. "నువ్వు చేసింది కరెక్టే" అన్నారు. అవును, కరెక్టే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు కూడా అదే చెబుతాను. ఎవరు అడిగినా, ఎంత మంచికి అడిగినా, పెట్టె ఒకటి తూటా ఒకటి కాకూడదు. ఇవాళ మళ్ళీ అడిగినా కాదనే అంటాను. అలా అని మనసు ఊరుకుంటుందా? ఊరుకోదు. తప్పు చేస్తే క్షమాపణ అడిగి తేలికపడవచ్చు. సరైన పని చేసినందుకు ఎవరిని క్షమాపణ అడగాలి?

వాల్ట్ ఆ నెలాఖరుకే మానేశాడు. మా దగ్గర పని కూడా వదిలేశాడు. తుపాకీ మేనల్లుడికి ఇచ్చేశాడట. లొరెయిన్ గురువారాలు కొన్నాళ్ళు ఒంటరిగా వచ్చి వేరే ఎవరితోనో జత కట్టింది.

కొత్త పెట్టె

ఎనభైలు ముగిసేలోపు కంపెనీ చేతులు మారింది. కొత్త మేనేజరు కుర్రవాడు, తుపాకీ పట్టి ఎరగడు. మూలపడ్డ మా మెత్తటి తూటా చూసి, "దీన్నెందుకు ఆపేశారు?" అన్నాడు. చెప్పాను. అతను నవ్వి, తూటాలో ఒక్క గుళిక కూడా మార్చకుండా నల్లటి పెట్టె చేయించాడు. బంగారు రంగు అక్షరాల్లో "ఛాంపియన్" అని రాయించాడు. సీసం బరువూ మందు కొలతా పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నాయి, అంతా నిజమే. ఒక్క అబద్ధం లేదు.

జనం ఎగబడి కొన్నారు. మా ఆవిడకు పట్టుకెళతాను అన్న పెద్దమనిషి పెట్టెల మీద పెట్టెలు కారులో వేసుకుంటుంటే నా కళ్ళతో చూశాను. సంతోషించాలి. నేను మాత్రం ఆ నల్ల పెట్టెలు సర్దిన వైపు చూడకుండా పోయేదాన్ని. ఇంత చిన్న సంగతి మాకు ముందే ఎందుకు తోచలేదు?

ఒక పెట్టె తీసుకుని వాల్ట్ ఇంటికి వెళ్ళాను. ఆయన బాగా చిక్కిపోయాడు. పెట్టె తిప్పి చిన్న అక్షరాలు చదివి, "ఇది అదేగా" అన్నాడు. అవునన్నాను. లొరెయిన్ తన తుపాకీ తెచ్చింది. ముగ్గురం క్లబ్బుకు వెళ్ళాం. పనిరోజు కాబట్టి మైదానం ఖాళీగా ఉంది.

వాల్ట్ కాల్చాడు. తప్పింది. మళ్ళీ తప్పింది. తుపాకీ దించి, భార్యతో, "నువ్వు లోడ్ చేసి ఇవ్వు. తూటా పెడతావో పెట్టవో నాకు చెప్పకు" అన్నాడు. ఆవిడ పక్కకు తిరిగి, తూటా పెట్టకుండానే తుపాకీ మూసి చేతికిచ్చింది. ఆయన భుజానికి ఆనించి నన్ను పళ్ళెం వదలమన్నాడు. ట్రిగ్గర్ టక్కుమంది. పేలడానికి ఏమీ లేదు, తన్నడానికి ఏమీ లేదు. అయినా ఆయన భుజం ముందుకు విసురుగా పోయింది, గొట్టం నేలకు దిగింది. పళ్ళెం ఎగిరిపోయి గడ్డిలో పడింది.

ఆయన తుపాకీ తెరిచి, ఖాళీ గొట్టంలోకి చూసి నవ్వాడు.

"ఇక ఇంతకంటే మెత్తటిది నువ్వు కూడా చెయ్యలేవు" అన్నాడు నాతో.

ఆయనే మళ్ళీ అన్నాడు.

"మంచి తూటా. మొదటి రోజే తెలుసు నాకు. ఆ నవ్వుల మధ్య అదే కావాలని అడగలేకపోయాను, అంతే."

నోరు ఊరుకోక అడిగేశాను. "ఒకవేళ మీకు చెప్పకుండా మీ మామూలు పెట్టెలో పెట్టి ఇచ్చి ఉంటే?"

వాల్ట్ పెట్టె మూత మూశాడు. "పెట్టెలోవి మారాయని మొదటి తూటాకే కనిపెట్టేవాణ్ణి" అన్నాడు. "ఒక్క మాట అనకుండా కాల్చుకునేవాణ్ణి. ఇవాళ్టిదాకా."

లొరెయిన్ ఆయన పక్కనే నిలబడి ఉంది. నన్ను చూడలేదు. తుపాకీ అందుకుని సంచిలో పెట్టింది. నన్ను అడిగానని ఆవిడ చెప్పలేదు, కాదన్నానని నేను చెప్పలేదు. ముగ్గురం నడిచి కారు దగ్గరికి వచ్చాం.